తాడిపత్రి ఎండల్లో వెనేడియం ఫ్లో బ్యాటరీ పెట్టుకోవచ్చా? పాలిషింగ్ యూనిట్ ప్రశ్నకు జవాబు

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. అడిగినాయనకు తాడిపత్రి దగ్గర బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. 300 కిలోవాట్ల సోలార్ పెట్టుకున్నారు. పగలు మిషన్లకు వాడుకోగా రోజుకు 500 యూనిట్ల దాకా మిగులుతోంది. రాత్రి షిఫ్టులో ఆరు గంటలపాటు 60 కిలోవాట్ల లోడు నడవాలి. ఒక కంపెనీ వాళ్లు వచ్చి వెనేడియం ఫ్లో బ్యాటరీ పెట్టుకోమన్నారు. అంటే వెనేడియం అనే లోహం కరిగించిన ద్రవంలో, ట్యాంకుల్లో, కరెంటు దాచే రకం. 25 ఏళ్లు ఢోకా లేదు, నిప్పంటుకోదు, మెయింటెనెన్స్ ఉండదు అని చెప్పారు. లిథియం కంటే అది మేలా అని ఆయన సందేహం. చివర్లో ఇంకోటి కూడా అడిగారు: పిన్నాపురంలో నీళ్లను పైకి ఎక్కించి, కిందికి వదిలి కరెంటు తీసే అంత పెద్ద నీళ్ల బ్యాటరీ ఉండగా ఈ ద్రవాల బ్యాటరీలు అసలెందుకు?

నేను కర్నూలు వాణ్ని. మొదట సబ్‌స్టేషన్లలో, తర్వాత సోలార్ ప్లాంట్లలో పనిచేశాను. ఇప్పుడు స్టోరేజ్ టెండర్ల సాంకేతిక కాగితాలు చూడటమే నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ సైజుకు, ఈ రోజు ధరలకు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. మామూలుగా ఎల్‌ఎఫ్‌పీ అంటాం కదా, అదే. ఫ్లో బ్యాటరీ చెడ్డదని కాదు. అది మన రాయలసీమకు చాలా అవసరమైన సరుకని గట్టిగా నమ్మేవాణ్ని నేను. కానీ అది సబ్‌స్టేషన్ పక్కన, పెద్ద ఎత్తున, ఎక్కువ గంటలకు పెట్టాల్సినది. ఇక మీకు చెప్పిన మాటల సంగతి. నిప్పంటుకోదన్నది నిజం. 25 ఏళ్లన్నది లోపలి ద్రవానికి నిజం, మిగతా సామానుకు కాదు. మెయింటెనెన్స్ ఉండదన్న మాట మాత్రం నమ్మొద్దు. వాళ్లు ఎత్తని విషయం ఎండ. మన దగ్గర ఆలోచించాల్సింది ముందు దాని గురించే.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతాదంతా మీరే బేరీజు వేసుకోగలరు. రెండు పెద్ద ట్యాంకులుంటాయి. రెండింట్లోనూ సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో కరిగించిన వెనేడియమే ఉంటుంది. మధ్యలో స్టాక్ అనే పెట్టె. అందులో కార్బన్ ఫెల్ట్ (కార్బన్ నారతో చేసిన గుడ్డలాంటిది) ఎలక్ట్రోడ్లు, వాటి నడుమ మెంబ్రేన్ అనే పల్చని పొర, ఇలా వరసగా సెల్స్ పేర్చి ఉంటాయి. రెండు పంపులు రెండు ద్రవాలను స్టాక్‌లోంచి తిప్పుతూ ఉంటాయి. వెనేడియానికి ఉన్న గుణం ఏమిటంటే, అది నాలుగు రకాల ఆక్సీకరణ స్థితుల్లో, అంటే ఒక్కోదాంట్లో ఒక్కో లెక్కన ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని, కరిగి ఉండగలదు. చార్జ్ అయినప్పుడు నెగెటివ్ ట్యాంకులో రెండో స్థితి, పాజిటివ్ ట్యాంకులో ఐదో స్థితి. ఖాళీ అయినప్పుడు మూడు, నాలుగు. ద్రవాన్ని పలచన చేసి గాజు గొట్టంలో చూస్తే రంగులు కంటికే తెలుస్తాయి. నిండుగా ఉంటే ఒకవైపు ఊదా, ఇంకోవైపు పసుపు. ఖాళీ అయితే ఆకుపచ్చ, నీలం.

రెండు వైపులా ఒకే లోహం వాడాలన్న ఆలోచనను పనిచేసే బ్యాటరీగా మలిచింది ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మరియా స్కిల్లాస్-కజాకోస్ బృందం, 1980లలో. అంతకుముందు 1970లలో అమెరికాలో నాసా వాళ్లు ఇనుము, క్రోమియంతో ఇలాంటిదే ప్రయత్నించారు. రెండు వేర్వేరు లోహాలైతే మెంబ్రేన్ దాటి అటుది ఇటు కలిసినప్పుడు ద్రవం పాడవుతుంది. రెండువైపులా వెనేడియమే ఉంటే కలిసినా ఆ రోజుకు కొంత చార్జ్ పోతుంది అంతే, ద్రవం పాడవదు. రెండు ట్యాంకుల్నీ కలిపి మళ్లీ సరిచేసుకోవచ్చు. 25 ఏళ్ల మాట అక్కడి నుంచి వచ్చింది.

ఇక ధర ఎలా లెక్కేయాలో చూద్దాం. మీ బోరు దగ్గర మోటారు ఎన్ని హెచ్‌పీ అన్నది వేరు, సంపు ఎన్ని లీటర్లు అన్నది వేరు కదా, ఫ్లో బ్యాటరీ అచ్చం అలాంటిదే. స్టాక్ సైజు ఎన్ని కిలోవాట్లు ఇవ్వగలదో చెప్తుంది. ట్యాంకు సైజు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్తుంది. లిథియంలో ఈ రెండూ ఒకే సెల్‌లో ఇరుక్కుని ఉంటాయి. రెండు గంటల నిల్వ ఎనిమిది గంటలు కావాలంటే నాలుగింతల సెల్స్ కొనాలి. ఫ్లోలో స్టాకు అదే, పంపులు దాదాపు అవే, ద్రవం మాత్రం నాలుగింతలు. అందుకే రెండు గంటల అవసరానికి ఫ్లో కొనడం దండగ. స్టాక్ ఖర్చంతా రెండు గంటల మీద పడుతుంది. గంటలు పెరిగేకొద్దీ యూనిట్ నిల్వ ఖర్చు తగ్గుతూ వస్తుంది. ఎవరైనా కొటేషన్ ఇస్తే మొత్తం ఒకే అంకె చూడకండి. కిలోవాట్‌కు ఎంత, కిలోవాట్ అవర్‌కు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. అలా రాయనంటే వాళ్లకే ఆ లెక్క తెలియదన్నమాట.

ద్రవం ఎంత పడుతుందో మీకోసం లెక్క కడతాను. మామూలుగా లీటరుకు 1.6 మోల్స్ వెనేడియం ఉంటుంది. రెండు ట్యాంకులూ కలిపి చూస్తే, లీటరు ద్రవంలో ఆచరణలో 20 నుంచి 25 వాట్ అవర్లు దక్కుతాయి. అంటే ఒక యూనిట్ దాచాలంటే 40 నుంచి 50 లీటర్లు. మీకు రాత్రికి 360 యూనిట్లు కావాలి కాబట్టి 14,400 నుంచి 18,000 లీటర్లు. మన ఊళ్లలో తిరిగే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు మూడు, మూడున్నర అనుకోండి. అందులో వెనేడియం లోహం ఎంత అంటే యూనిట్‌కు 3 నుంచి 4 కిలోలు, మొత్తం మీద ఓ టన్నున్నర దాకా. ఈ బ్యాటరీ ధరలో పెద్ద భాగం ఆ లోహమే.

ఇప్పుడు ఎండ గురించి. ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

మామూలు వెనేడియం ద్రవం 10 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాలి. 10 కంటే చల్లబడితే నెగెటివ్ వైపు లవణాలు గడ్డకడతాయి. మనకు ఆ బాధ లేదు, అనంతపురం చలికాలం రాత్రి కూడా ట్యాంకు అంత చల్లబడదు. 40 దాటితేనే కష్టం. పాజిటివ్ ట్యాంకులో ఉన్న ఐదో స్థితి వెనేడియం ద్రావణంలో నిలవలేక వెనేడియం పెంటాక్సైడ్‌గా అడుక్కు దిగుతుంది. ఎర్రటి బురదలాంటి ఆ మడ్డి కార్బన్ ఫెల్ట్ రంధ్రాల్లో ఇరుక్కుంటే ద్రవం పారదు, పంపుల మీద ఒత్తిడి పెరుగుతుంది, కొన్ని సెల్స్ ఎండిపోతాయి. ద్రవాన్ని చల్లబరిస్తే వెంటనే మళ్లీ కరిగిపోతుందనుకోవద్దు. అంత సులభంగా కరగదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఒకటుంది. ఐదో స్థితి వెనేడియం ఎప్పుడు ఎక్కువ ఉంటుంది? బ్యాటరీ నిండుగా చార్జ్ అయినప్పుడు. సోలార్‌తో చార్జ్ చేస్తే అది ఎప్పుడు నిండుతుంది? మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు. మే నెలలో తాడిపత్రిలో ఎండ ముదిరేది సరిగ్గా ఆ వేళకే. ద్రవం ఎప్పుడు సున్నితంగా ఉంటుందో అప్పుడే వేడి కూడా ఎక్కువ. రాత్రి గాలి కరెంటుతో చార్జ్ చేసే చోట ఈ ఇబ్బంది ఇంత ఉండదు.

"బయట 44 డిగ్రీలున్నా అన్ని వేల లీటర్ల ద్రవం గంటలో వేడెక్కదు కదా" అని అమ్మేవాళ్లు అంటారు. ఆ మాట నిజమే. పెద్ద ట్యాంకు పగటి వేడినీ రాత్రి చల్లదనాన్నీ సగటు చేసుకుంటుంది. అయితే మన సగటు ఎంతో చూడండి. మేలో పగలు 42, రాత్రి 28 అనుకుంటే సగటు 35. దీనికి బ్యాటరీ సొంత వేడి తోడవుతుంది. ఫ్లో బ్యాటరీలో 100 యూనిట్లు పోస్తే చేతికొచ్చేది 65 నుంచి 75. మీకు 360 రావాలంటే 515 దాకా పోయాలి. పోయిన 155లో ఇన్వర్టర్ దగ్గర పోయేది పక్కన పెట్టినా, 100 యూనిట్ల వరకూ ద్రవంలోకే వేడిగా దిగుతుంది. 18,000 లీటర్ల ద్రవం ఒక్క డిగ్రీ పెరగడానికి 20 యూనిట్ల పైచిలుకు చాలు. అంటే రోజుకు 5 డిగ్రీలు. అది రాత్రికి రాత్రి బయటికి పోవాలి. మే నెల రాత్రి 28, 30 డిగ్రీల గాలిలో, దళసరి ప్లాస్టిక్ ట్యాంకు గోడ దాటి అంతా పోదు. మిగిలింది మర్నాటికి జమ అవుతుంది. నాలుగైదు రోజుల్లో ద్రవం 40 దాటుతుంది. బయటి గరిష్ఠ ఉష్ణోగ్రతతో పని లేకుండానే దాటుతుంది.

ఇంకొకటి. చార్జ్ నిండుగా ఉన్నప్పుడు మధ్యాహ్నం ఏదైనా కారణంతో పంపులు ఆగాయనుకోండి. స్టాక్‌లో నిలిచిపోయిన కొద్ది ద్రవం మెంబ్రేన్ గుండా తనలో తాను డిశ్చార్జ్ అవుతూ వేడెక్కుతుంది. ట్యాంకు చల్లగా ఉన్నా స్టాక్ లోపల ఉష్ణోగ్రత గీత దాటే అవకాశం ఉంది. కాబట్టి పంపులకు విడిగా చిన్న యూపీఎస్, ఆగితే స్టాక్‌లోని ద్రవం ట్యాంకులోకి జారిపోయే ఏర్పాటు అడగాలి.

దీనికి మందులు లేవా అంటే ఉన్నాయి. చిల్లర్ పెట్టి ద్రవాన్ని చల్లబరచవచ్చు. అది కరెంటు తింటుంది కాబట్టి 70 శాతం దక్కేది వేసవిలో ఇంకా తగ్గుతుంది. ఎండాకాలం మూడు నెలలు బ్యాటరీని పూర్తిగా నింపకుండా 80 శాతంతో ఆపవచ్చు. నా దృష్టిలో ఇది అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, కానీ ఆ మేరకు ట్యాంకు పెద్దది కొనాలి. ద్రవాన్ని కాస్త పలచగా చేసుకోవచ్చు, దానికీ ట్యాంకు పెద్దదే కావాలి. ట్యాంకులను ఆరుబయట పెట్టకుండా రేకుల షెడ్డు కింద, తెల్ల రంగు వేసి, గాలి ఆడేలా ఉంచడం ఎలాగూ చేయాలి. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లేబొరేటరీ వాళ్లు 2011లో సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పాటు హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపి, మైనస్ 5 నుంచి 50 డిగ్రీల దాకా నిలిచే ద్రవాన్ని చూపించారు. అందులో 70 శాతం ఎక్కువ శక్తి కూడా దాగుతుంది. మనకు కావలసింది అలాంటిదే. కాకపోతే క్లోరైడ్ ఉన్నచోట ఆవిరి, తుప్పు, వెంటిలేషన్ జాగ్రత్తలు పెరుగుతాయి. మీకు చూపించిన కంపెనీ ద్రవం ఏ రకమో ముందు అడగండి.

కూలింగ్ టవర్ పెడతామంటే మాత్రం ఒప్పుకోవద్దు. మన బోరు నీళ్ల ఉప్పు మీకు నేను చెప్పాలా? ఒక్క వేసవిలో హీట్ ఎక్స్‌చేంజర్ గొట్టాలు పెచ్చుకట్టిపోతాయి. పైగా ఎండాకాలం తాగడానికే నీళ్లు వెతుక్కునే చోట బ్యాటరీ కోసం రోజూ నీళ్లు ఆవిరి చేయడం నాకు మింగుడుపడదు. గాలితో చల్లబరిచే చిల్లరే అడగండి, అది బయట 45 డిగ్రీలున్నప్పుడు ఎంత ఇస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి.

లిథియానికి ఎండ పట్టదని కాదు. ఎల్‌ఎఫ్‌పీ సెల్స్ కూడా 25, 30 డిగ్రీల్లో ఉంటేనే ఎక్కువ కాలం వస్తాయి, కంటైనర్‌లో కూలింగ్ రోజంతా నడవాలి. తేడా ఎక్కడంటే, అక్కడ వేడి ఆయుష్షును మెల్లగా తింటుంది. ఇక్కడ గీత దాటితే ఆ వారమే బండి ఆగుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. లిథియం కంటైనర్లు వేడి దేశాల్లో వేల సంఖ్యలో నడుస్తున్నాయి. పెద్ద వెనేడియం బ్యాటరీలు ఎక్కడున్నాయో చూడండి. జపాన్‌లో హొక్కైడోలో 2015లో 15 మెగావాట్లు, 60 మెగావాట్ అవర్లది పెట్టారు. చైనాలో దాలియన్‌లో 2022లో 100 మెగావాట్లు, 400 మెగావాట్ అవర్లది మొదలైంది. రెండూ మంచు కురిసే ఊళ్లు. అక్కడి రికార్డులు చూపించి తాడిపత్రిలో అమ్మితే ఎట్లా? మన దేశంలో ఎన్టీపీసీ వాళ్లు గ్రేటర్ నోయిడాలోని నేత్ర పరిశోధన కేంద్రంలో 2025 నవంబరులో 3 మెగావాట్ అవర్ల వెనేడియం బ్యాటరీ ప్రారంభించారు. నోయిడా ఎండలు మన ఎండలకు తీసిపోవు. అక్కడి మే, జూన్ నెలల రీడింగులే మనకు పనికొచ్చే సాక్ష్యం.

భద్రత గురించి నాలుగు మాటలు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలో మోస్ ల్యాండింగ్ దగ్గర పెద్ద లిథియం నిల్వ కేంద్రం తగలబడింది, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. అమ్మేవాళ్లు ఆ వీడియో చూపిస్తారు. అక్కడున్నది నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం. ఈ రోజుల్లో గ్రిడ్‌కు వాడేది ఎక్కువగా ఎల్‌ఎఫ్‌పీ, దానికి ప్రమాదం తక్కువ, పూర్తిగా లేదని మాత్రం కాదు. ఫ్లో బ్యాటరీ ద్రవం నీళ్ల యాసిడే కాబట్టి మండదు, ఈ విషయంలో దానికి తిరుగులేదు. అయితే ఓవర్‌చార్జ్ అయితే కొద్దిగా హైడ్రోజన్ వస్తుంది, గది మూసేసి ఉంచకూడదు. యాసిడ్ కారడం అసలు ప్రమాదం.

మీది బండల వ్యాపారం కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. మీ షెడ్డులో మిగిలిన కడప బండలు పరిచి దాని మీద ట్యాంకులు దించుదామని మేస్త్రీ అంటాడు. ఒప్పుకోవద్దు. కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్క పడితే బుసబుసా నురగ వచ్చి రాయి తినేస్తుంది, సందుల్లోంచి యాసిడ్ నేలలోకి దిగుతుంది, పక్కనే మీ బోరు ఉంటుంది. కాంక్రీట్ కూడా అంతే, లోపల సున్నమే కదా. కింద యాసిడ్‌కు తట్టుకునే ఎఫ్‌ఆర్‌పీ (గాజు నార కలిపిన ప్లాస్టిక్) లైనింగ్ గానీ యాసిడ్ ప్రూఫ్ టైల్స్ గానీ వేయించి, చుట్టూ గట్టు కట్టించాలి. పెద్ద ట్యాంకు మొత్తం కారిపోయినా పట్టేంత, దాని మీద ఇంకో పది శాతం చోటు ఉండాలి. గ్రానైట్ అయితే యాసిడ్‌కు బాగానే నిలుస్తుంది, సందులు నింపే మసాలా కూడా యాసిడ్‌కు నిలవాలి.

మెయింటెనెన్స్ విషయానికొస్తే, ద్రవం అరగదు కానీ పంపు సీళ్లు అరుగుతాయి, గ్యాస్కెట్లు కారతాయి, మెంబ్రేన్, ఫెల్ట్ మెల్లగా నీరసిస్తాయి. 25 ఏళ్లలో స్టాక్ ఒకసారైనా మార్చాల్సి వస్తుందని లెక్కలో వేసుకోండి. రెండు ట్యాంకుల మట్టం, సమతూకం అప్పుడప్పుడూ సరిచేయాలి. ఇదంతా తెలిసిన మనిషి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో రావాలంటే మీ రాత్రి షిఫ్టు ఎన్ని రోజులు ఆగుతుందో ఆలోచించండి.

మీ లెక్క ఇది. రోజూ మిగిలే 500 యూనిట్లు ఫ్లోలో పోస్తే రాత్రికి 350 దాకా వస్తాయి. కూలింగ్ తీసేస్తే వేసవిలో ఇంకా తక్కువ, మీ 360 చాలవు. ఎల్‌ఎఫ్‌పీలో 85 నుంచి 90 శాతం దక్కుతుంది కాబట్టి 420 యూనిట్లు పోస్తే చాలు, ఇంకా 80 చేతిలో ఉంటాయి. ధరలు కూడా ఎలా పడిపోయాయో చూడండి. 2022లో సెకీ (కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ) టెండరులో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెలకు 10.84 లక్షల రూపాయలు పలికింది. 2025 వచ్చేసరికి కొన్ని రాష్ట్రాల టెండర్లలో, కేంద్ర సాయం కలుపుకుని, రెండు లక్షల చిల్లరకు దిగింది. చిన్న సైజులో మీకు ఆ ధర రాదు, అయినా దిగిన మేరకు లాభం మీకూ అందుతుంది. ఫ్లో ధర ఆ వేగంతో దిగలేదు. వెనేడియం ధర బ్యాటరీల వాళ్ల చేతిలో ఉండేది కాదు, ఆ లోహం తొంభై శాతం దాకా ఉక్కు గట్టిపడటానికే పోతుంది. 2018లో చైనా తన ఇనుప కడ్డీల ప్రమాణాలు మార్చేసరికి ధర ఆకాశానికి వెళ్లి, మరుసటి ఏడాదే కూలింది. అందుకే కొందరు ద్రవాన్ని అమ్మకుండా అద్దెకిస్తారు. బ్యాటరీ పాతబడ్డా లోహం విలువ పోదు కాబట్టి అది మంచి పద్ధతే. మీకు అద్దె పద్ధతి ఇస్తామంటే మాత్రం నా సలహా మరోసారి చూసుకోవచ్చు.

ఇంకొకటి, మీ కనెక్షన్‌కు నెట్ మీటరింగ్ (గ్రిడ్‌కు ఇచ్చింది బిల్లులో తగ్గించడం) గానీ బ్యాంకింగ్ (ఇప్పుడు ఇచ్చింది తర్వాత వాడుకోవడం) గానీ ఏ షరతులతో ఉందో ముందు డిస్కం దగ్గర కనుక్కోండి. మిగులు యూనిట్లకు గ్రిడ్ మంచి లెక్క ఇస్తుంటే ఏ బ్యాటరీ కూడా ఖర్చు తిరిగి రాబట్టలేదు.

ఇప్పుడు పిన్నాపురం ప్రశ్న. నాకు ఇష్టమైన ప్రశ్న ఇది. పాణ్యం మండలంలోని ఆ పంప్డ్ స్టోరేజ్ 1,680 మెగావాట్లు, ఆరు గంటలకు 10,080 మెగావాట్ అవర్లు, అంటే కోటి యూనిట్లు. గోరకల్లు రిజర్వాయర్ నుంచి నీళ్లు ఒకసారి నింపుకుని, ఆవిరైన మేరకు మాత్రమే మళ్లీ తీసుకుంటూ, అవే నీళ్లను పైకి కిందికి తిప్పే పద్ధతి. అదీ ద్రవంతో చేసే నిల్వే. నీటికీ వెనేడియానికీ తేడా ఒక అంకెలో చెప్పవచ్చు. 100 మీటర్ల ఎత్తున ఉన్న లీటరు నీటిలో 0.27 వాట్ అవర్లు ఉంటాయి. లీటరు వెనేడియం ద్రవంలో 20 పైన. ఒక యూనిట్‌కు అక్కడ 3,700 లీటర్లు కావాలి, ఇక్కడ 45. చోటులో వెనేడియం ఎంతో ముందుంది.

మరి పిన్నాపురం అంతటిది వెనేడియంతో కట్టగలమా? కోటి యూనిట్లకు, యూనిట్‌కు నాలుగు కిలోల చొప్పున, 40,000 టన్నుల లోహం కావాలి. ప్రపంచమంతా ఏడాదికి తవ్వి తీసేది లక్ష టన్నుల చుట్టుపక్కల. ఒక్క పాణ్యం మండలం అవసరానికే అందులో ఐదింట రెండు వంతులు. కాబట్టి కొండా, నీళ్లూ రెండూ దొరికిన చోట నీళ్ల నిల్వతో పోటీపడే స్థితి దీనికి లేదు. కొండ లేని చోట, నీళ్లు మళ్లించలేని చోట, ఒక్కో సబ్‌స్టేషన్ దగ్గర 50, 100 మెగావాట్ అవర్లు కావాలన్నప్పుడు దీని పని మొదలవుతుంది. ఉరవకొండ, గుంతకల్లు వైపు గాలిమరలు రాత్రీ పగలూ తిరుగుతాయి, గని, శకునాల దగ్గర 2017లో మొదలైన 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, ఎన్‌పీ కుంట పార్కు మధ్యాహ్నం ఒక్కసారిగా లైన్ల మీద పడతాయి. ఆ లైన్లు కట్టిందే ఆ మూడు నాలుగు గంటల కోసం, మిగతా రోజంతా సగం ఖాళీ. నిల్వను ఆ పార్కు గోడ పక్కనే పెడితే అదే లైను మీద సాయంత్రం కూడా కరెంటు పోతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం 2031-32 నాటికి దేశానికి 411 గిగావాట్ అవర్ల నిల్వ కావాలి. అందులో 175 పంప్డ్ స్టోరేజ్, 236 బ్యాటరీలు. ఆ 236 మొత్తం లిథియం మీదే వేయడం, అదీ దిగుమతి సెల్స్ మీద వేయడం నాకు సబబుగా తోచదు.

గని పార్కు కోసం దాదాపు 6,000 ఎకరాలు పోయాయి. భూమి మనదైనప్పుడు, ఎండ మనదైనప్పుడు, ఈ ద్రవాల పరీక్ష కూడా మన ఎండలోనే జరగాలని నా కోరిక. ఒక పార్కు మూలన రెండు మూడు మెగావాట్ అవర్లది పెట్టి, రెండు వేసవులు రీడింగులు తీసి బయటపెట్టమని అడగాల్సింది జేఎన్‌టీయూ అనంతపురం లాంటి విశ్వవిద్యాలయాలు, మన ప్రజాప్రతినిధులు.

వెనేడియం ఒక్కటే దారి కూడా కాదు. ఇనుముతో చేసే ఫ్లో బ్యాటరీలున్నాయి, ముడిసరుకు చవక, ఎక్కడైనా దొరుకుతుంది. నెగెటివ్ వైపు హైడ్రోజన్ పుట్టి ద్రవం ఆమ్లత మారిపోవడం వాటికి రోగం, దాన్ని అదుపు చేయడంలోనే కంపెనీలు తంటాలు పడుతున్నాయి. నాసా వాళ్ల ఇనుము, క్రోమియం బ్యాటరీ సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. క్రోమియం మామూలు వేడిలో బద్ధకంగా పనిచేస్తుంది కాబట్టి దాన్ని 65 డిగ్రీల దగ్గర నడిపారు. వెనేడియానికి శత్రువైన మన ఎండ దానికి చుట్టం. దానికీ హైడ్రోజన్ బాధ ఉంది, కానీ రాయలసీమలో కూర్చుని ఆలోచించేవాళ్లు వదిలిపెట్టకూడని దారి అది. జింక్, బ్రోమిన్ రకంలో జింక్ పలక మీద పేరుకుంటుంది కాబట్టి ట్యాంకు పెంచితే గంటలు పెరగవు, బ్రోమిన్ విషం కూడా. సోడియం, సల్ఫర్ లాంటివి కరిగించి వాడే రకాలు 300 డిగ్రీల వేడిలో నడుస్తాయి, మీ షెడ్డుకు పనికిరావు.

ఇంత చెప్పాక కూడా మీకు ఫ్లో మీదే మనసుంటే, కంపెనీ వాళ్ల దగ్గర ఇవి కాగితం మీద తీసుకోండి. 35 డిగ్రీల సగటు ఉష్ణోగ్రతలో, కూలింగ్ కరెంటు కూడా కలిపి, మీటరు నుంచి మీటరుకు ఎంత శాతం దక్కుతుందో. పాజిటివ్ ట్యాంకు ఎంత వేడికి చేరితే చార్జింగ్ తనంతట తాను ఆగుతుందో. మడ్డి దిగితే ఎవరి ఖర్చుతో శుభ్రం చేస్తారో. స్టాక్‌కు విడిగా ఎన్నేళ్ల గ్యారంటీ ఉందో. ద్రవం యాజమాన్యం ఎవరిదో. అన్నిటికంటే ముందు, మే నెలలో 40 దాటే ఊళ్లో నడుస్తున్న వాళ్ల ప్లాంటు ఒకటి చూపించమనండి, ఆ నెల మొత్తం పాజిటివ్ ట్యాంకు ఉష్ణోగ్రత గ్రాఫ్ అడగండి. అది ఇస్తే ధర, పేర్లు తీసేసి ఆ గ్రాఫూ, స్టాక్ డేటాషీటూ ఇక్కడ పెట్టండి. మీ 360 యూనిట్లకు ట్యాంకు ఎంత పెంచాలో, చిల్లర్ ఎంత కావాలో నేను లెక్కకట్టి చెప్తాను.